పేగు లోపలి నారుమడి

పాఠకుల ప్రశ్నలు, పశువైద్యురాలి జవాబులు

వరంగల్, జనగామ, మహబూబాబాద్ వైపు పశువైద్యశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఈ శీర్షికకు గేదెల గురించీ మేకల గురించీ వచ్చినన్ని ఉత్తరాలు పందుల గురించి రావు. పంది పెంచేవాళ్లు నలుగురిలో ఆ మాట ఎత్తడానికి వెనకాడతారని నాకు తెలుసు. ఈ నెల పరకాల నుంచి ఒక రైతు ధైర్యం చేసి రాశారు. అదే విషయం మీద ఇంకో నాలుగు ఉత్తరాలు ఉన్నాయి. ఈసారి చోటంతా వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాకు పన్నెండు తల్లి పందులు ఉన్నాయి, సీమ జాతివి. పిల్లలకు నెల రోజులకే పాలు మాన్పిస్తాము. ఆ రోజు నుంచి దాణాలో ఒక పసుపు పొడి కలుపుతున్నాము. మూడేళ్ల కింద మొదలుపెట్టినప్పుడు పిల్లలు బాగా ఎదిగాయి, పారుడు తగ్గింది. ఇప్పుడు పొడి కలిపినా పారుడు వస్తోంది, కలపకపోతే ఇంకా ఎక్కువగా వస్తోంది. మోతాదు రెట్టింపు చేయమని మందుల దుకాణం ఆయన అంటున్నారు. డిగ్రీ చదివే మా అబ్బాయేమో ఈ మందు పేగుల్లోని కణాలను తినేస్తుందంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఖాళీ పొట్లం ఉత్తరంతో పంపుతున్నాను.
— ఒక రైతు, పరకాల

జవాబు: పొట్లం అందింది. మోతాదు రెట్టింపు చేయకండి. ముందు ఈ మాట పట్టుకోండి, తక్కినది నిదానంగా చదవండి. మీ అబ్బాయి చెప్పింది పూర్తిగా నిజం కాదు కానీ, దుకాణం ఆయన మాట కంటే నిజానికి దగ్గరగా ఉంది.

పొట్లం మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు క్లోర్‌టెట్రాసైక్లిన్. ఇది బ్యాక్టీరియాను అణిచే యాంటీబయాటిక్. దీని పాత పేరు ఆరియోమైసిన్. ఈ మందుతో మన భాషవాడికి సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, అక్కడే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దీన్ని తీశారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ తర్వాత అదే సంస్థలో జూక్స్, స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు, మందు తీసేశాక మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. దానిలోని విటమిన్ కోసం పెట్టారు కానీ, విటమిన్‌కు మించి పిల్లలు పెరిగాయి. పిప్పిలో మిగిలిపోయిన కొద్దిపాటి మందే దానికి కారణమని తేలింది. మనుషుల ప్రాణాలు కాపాడటానికి పుట్టిన మందు అలా దాణా తొట్టిలోకి దిగింది. 1950 తర్వాత దేశదేశాల్లో పందులకూ అదే పద్ధతి పట్టింది.

మరి ఎందుకు పెరుగుతాయి? ఆ పొడిలో పోషకం ఏమీ లేదు. అసలు సూక్ష్మజీవులే లేకుండా, పుట్టిన దగ్గర నుంచి ప్రయోగశాలలో పెంచిన జంతువులకు ఇదే మందు పెడితే ఎదుగుదలలో తేడా రాలేదు. అంటే మందు పనిచేసేది పేగులో ఉండే సూక్ష్మజీవుల మీద. వాటి ద్వారా పేగు మీద.

పంది ఒంటి బరువులో కడుపు, పేగులు కలిపి ఇరవయ్యో వంతు ఉంటాయేమో. కానీ ఒళ్లంతా వాడుకునే ప్రాణవాయువులో ఐదో వంతుకు పైగా వాటికే పోతుంది. అంత ఖర్చు ఎందుకంటే, పేగు లోపలి పొర ఎప్పటికప్పుడు ఊడిపోతూ కొత్తది వస్తూ ఉంటుంది. చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. దాని నిండా వెంట్రుక మందాన మొలకల్లాంటివి నిలబడి ఉంటాయి. మీ అబ్బాయి పదో తరగతి పుస్తకంలో వాటిని ఆంత్ర చూషకాలు అన్నారు. మొలకల అడుగున చిన్న గుంటలు. ఆ గుంటల్లో కొత్త కణాలు పుట్టి, మెట్టు మెట్టుగా పైకి జరిగి, కొనకు చేరి, అక్కడి నుంచి రాలిపోతాయి. ఎదిగిన పందిలో ఈ ప్రయాణం మూడు నుంచి ఐదు రోజులు. పాలను, గంజిని, దాణాను ఒంటికి పట్టించేది ఆ పైకి వచ్చిన కణాలే.

పేగులో సూక్ష్మజీవులు గొడవ చేసేకొద్దీ గోడ మందమవుతుంది, కణాలు త్వరగా రాలతాయి, తిన్నదాంట్లో కొంత ఆ మరమ్మతుకే పోతుంది. కొద్ది మోతాదు మందు పెట్టిన జంతువుల్లో పేగు గోడ పలుచగా, పేగు బరువు తక్కువగా ఉండటం పరిశోధకులు పదే పదే చూశారు. మరమ్మతు ఖర్చు తగ్గి ఆ మేరకు కండ పెరిగింది. ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. కొట్టం ఎంత మురికిగా ఉంటే మందు ఫలితం అంత ఎక్కువగా కనబడుతుంది. కొత్తగా కడిగిన శుభ్రమైన గదుల్లో పెంచినప్పుడు ఆ తేడా చాలా వరకు మాయమవుతుంది. అంటే ఆ పొడి డబ్బుతో మీరు కొన్నది చీపురు, సున్నం చేయవలసిన పనినే.

ఇక పాలు మాన్పించిన పిల్లకు ఏమవుతుందో నా కళ్లతో చూసింది చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా దాణాలో మందు కలపమని రాసి ఇచ్చాను. ఒక్కరికి కాదు, చాలామందికి. ఆ రోజుల్లో అది తప్పని నాకు తోచలేదు. వర్ధన్నపేట వైపు ఒక రైతు కొట్టంలో జరిగిన సంగతి నా మనసు మార్చింది. వానాకాలం. రెండు ఈతల పిల్లలను ఒకే రోజు తల్లుల నుంచి తీసి ఒకే గదిలో వేశారు. దాణాలో నేను చెప్పిన మందే ఉంది. ఐదో రోజున నేను వెళ్లేసరికి రెండు చనిపోయి ఉన్నాయి, మూడోది నా ముందే ప్రాణం వదిలింది. దాన్ని అక్కడికక్కడే కోశాను. చనిపోయిన కాసేపటికే పేగు లోపలి పొర కరిగిపోవడం మొదలవుతుంది, తర్వాత కోసినా ఏమీ తెలియదు. అదే పొద్దున, ఇంకా తల్లి దగ్గర పాలు తాగుతున్న ఇంకో ఈత పిల్లను కుక్కలు కరిచి చంపాయి. దాన్నీ కోశాను.

రెండింటి చిన్నపేగు నుంచి వేలెడు ముక్కలు తీసి, నిలువునా చీల్చి, స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి ముంచి, చేతి భూతద్దంతో చూశాను. నీళ్లలో ముంచితేనే ఆ మొలకలు విడివిడిగా లేస్తాయి. పాలు తాగుతున్న పిల్ల పేగు, నారు పోసిన పదిహేను రోజులకు మడి ఎలా ఉంటుందో అలా ఉంది. పళ్లెం కదిపితే మొలకలన్నీ ఒక్క తీరుగా ఊగాయి. రెండో ముక్కలో ఊగడానికి ఏమీ లేదు. కోత కోసిన మడిలో మోళ్లలా పొట్టిగా, లావుగా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. తర్వాత దాని కడుపు తెరిచాను. నీళ్లు, రెండు గడ్డి పరకలు. దాణా పలుకు ఒక్కటి లేదు.

నేను అక్కడే కూర్చుండిపోయాను. మందు దాణాలో ఉంది, దాణా తొట్టిలో ఉంది. తల్లి కోసం అరిచి అరిచి సోలిపోయిన పిల్ల తొట్టి దగ్గరికే పోలేదు. తినగలిగిన గట్టి పిల్లలు మందు తిన్నాయి, వాటికి అవసరం లేదు. అవసరమైన పిల్లకు చుక్క అందలేదు.

ఇది ఆ ఒక్క కొట్టం కథ కాదు. మూడు వారాలకే పాలు మాన్పించిన పంది పిల్లల మీద 1986లో వచ్చిన పరిశోధనలో, ఒక్క రోజులోనే చూషకాల ఎత్తు నాలుగో వంతు తగ్గింది. ఐదో రోజుకు దాదాపు సగమైంది. దానికి పెద్ద కారణం ఆకలి. లోపలి నుంచి పాలో దాణానో తగులుతూ ఉంటేనే పేగు కణం బతుకుతుంది. ఒకటి రెండు రోజులు ఏమీ రాకపోతే మొలక కుంగిపోతుంది. ఎత్తు తగ్గిన పేగుకు తిన్నదాన్ని ఒంటికి పట్టించే శక్తి ఉండదు. అరగని తిండి కిందికి దిగి పులుస్తుంది. అక్కడ ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని ఒంటి మీది సన్నని నూలుపోగుల లాంటి వాటితో అది పేగు కణాలను పట్టుకుని విషం వదులుతుంది. ఆ విషానికి కణం చావదు, ఒంట్లోని నీటిని పేగులోకి గుమ్మరిస్తుంది. పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి కళ్లు లోతుకు పోయి కనబడటం అందుకే.

ఇప్పుడు మీ పొడి ఎందుకు పనిచేయడం లేదో చెప్పడం తేలిక. మూడేళ్లుగా ఆ కొట్టంలో చావగలిగిన క్రిములు చచ్చాయి, చావనివి మిగిలి పిల్లలను కన్నాయి. తల్లి పంది పేడలో అవే, గోడ పగుళ్లలో అవే, కొత్త ఈతకు అంటేవి అవే. రెట్టింపు మందు వాటిని ఇంకా గట్టిపరుస్తుంది. మానేసినప్పుడు పారుడు ఎక్కువవుతున్నదనే కదా మీ భయం? మందు వల్ల పేగులోని మంచి క్రిముల బలగం కూడా పలుచబడి ఉంటుంది. ఆ బలగం ఎంత కాపలా కాస్తుందో 1950ల్లో ఎలుకల మీద చూశారు. మామూలు ఎలుకకు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా జబ్బు అంటించడానికి లక్ష క్రిములు కావలసి వస్తే, ముందుగా స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన ఎలుకకు పది లోపే సరిపోయాయి.

అందుకని రేపే అన్నీ ఆపేయకండి. ఇప్పుడు మాన్పించిన పిల్లల్లో పారుడు నడుస్తుంటే 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. డాక్టరు చూసి, జ్వరం ఉన్న పిల్లలకు, లేవలేని పిల్లలకు విడిగా, బరువు చూసి, చెప్పినన్ని రోజులు మందు ఇవ్వాలి. వీలైతే పేడ నమూనా పరీక్షకు పంపమని అడగండి, ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో తెలుస్తుంది. మిగతావాటికి చక్కెర ఉప్పు నీళ్లు పెట్టండి. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవండి. విషం తగిలిన పేగు కణం కూడా చక్కెరను, ఉప్పును జతగా లోపలికి లాక్కోగలదు, వాటి వెంట నీరూ పోతుంది. ఈ ద్రావణం ప్రాణం నిలబెట్టేది ఆ దారినే. వచ్చే ఈత నుంచి పొడి లేకుండా ఎలా నెట్టుకురావాలో కింది జవాబులో రాశాను.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. వైద్యుడి చీటీ లేకుండా మీకు ఆ పొట్లాలు అమ్మడం, పనిచేయకపోతే రెట్టింపు చేయమనడం నాకు కోపం తెప్పించింది. అలాంటి సలహాతో నష్టపోయేది మీ పిల్లలు, మీ డబ్బు. కోలిస్టిన్ అనే మందును తిండికోసం పెంచే జంతువులకు వాడకూడదని మన దేశం 2019 జూలైలో నిషేధించింది. మనుషులకు మిగిలిన ఆఖరి మందుల్లో అది ఒకటి, దానికి లొంగని లక్షణాన్ని ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి మోసుకుపోయే జన్యువును 2015లో చైనాలో పందుల్లోనే గుర్తించారు. ఎవరైనా ఆ పేరుతో పొట్లం ఇస్తే తీసుకోకండి.

ప్రశ్న: పది తల్లి పందులతో కొత్తగా మొదలుపెడుతున్నాను. యాంటీబయాటిక్ కలపకుండా పాలు మాన్పించవచ్చా? బదులుగా జింక్ పొడి కలపమని ఒకరు చెప్పారు.
— ఒక యువకుడు, జనగామ

జవాబు: మాన్పించవచ్చు. ఐరోపా దేశాలు ఎదుగుదల కోసం యాంటీబయాటిక్ కలపడాన్ని 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేశాయి. స్వీడన్ అయితే 1986లోనే ఆపింది. మొదట్లో అక్కడా పాలు మాన్పించిన పిల్లల్లో పారుడు పెరిగింది. మాన్పించే వయసు పెంచి, పడక మార్చి, దాణా మార్చి దారికి తెచ్చుకున్నారు. జింక్ ఆక్సైడు మందు మోతాదులో పారుడును ఆపుతుంది, నిజమే. కానీ ఆ బరువైన లోహం పేడ వెంట పొలంలోకి పోయి అక్కడే ఉండిపోతుంది. 2022 జూన్ నుంచి ఐరోపా దాన్నీ మానేసింది. మీరు దాని జోలికి పోకుండా మొదలుపెట్టండి.

పని మీరు పాలు మాన్పించే రోజున మొదలుకాదు, పిల్ల పుట్టిన గంటలో మొదలవుతుంది. పంది మాయ గుండా తల్లి రోగనిరోధక శక్తి పిల్లకు చేరదు. పుట్టిన మొదటి రోజు మాత్రం పేగు కణాలు జున్నుపాలలోని రక్షక పదార్థాలను ముక్కలు చేయకుండా ఉన్నవి ఉన్నట్టు మింగగలవు. ఒకటిన్నర రోజు లోపే ఆ తలుపు మూసుకుంటుంది. తల్లి ఈనే రాత్రి మీరు కొట్టంలో ఉండాలి. ఆఖరున పుట్టిన బక్క పిల్లను తుడిచి, ముందువైపు చన్ను నోట పెట్టి పట్టుకోవాలి. పన్నెండు పిల్లల్లో ఆ ఒక్కదాని కోసం నిద్ర మానుకున్న రైతు ఆ తర్వాత మందుల కోసం తిరగడం నేను తక్కువగా చూశాను. మూడో రోజున ఇనుము సూది మరవకండి. సిమెంటు గచ్చు మీద పెరిగే పిల్లకు మట్టి దొరకదు, పాలలో ఇనుము చాలదు.

రెండో వారం నుంచి తల్లి చేరని మూలలో వెడల్పు పళ్లెంలో పిడికెడు మెత్తని దాణా పెట్టండి. మొదట మూతితో చిమ్ముతాయి, కాళ్లతో తొక్కుతాయి. విసుక్కోకుండా రోజూ మిగిలింది తీసేసి కొత్తది పెట్టండి. అరిగించుకోవడం పేగు నేర్చుకునేది అక్కడే. నాలుగు వారాలకే మాన్పించాలనే తొందర వద్దు, ఆరు వారాలు ఉంచండి. వసతులు అంతంతమాత్రంగా ఉన్న కొట్టాల్లో ఎనిమిది వారాలు కూడా తప్పు కాదు. తల్లి మళ్లీ ఎదకు రావడం ఆలస్యమవుతుందని లెక్క చెబుతారు. చచ్చిన పిల్లలను కూడా ఆ లెక్కలో వేసి చూడండి.

మాన్పించే రోజు పిల్లలను కదపకండి, తల్లిని బయటికి తీయండి. అవి పుట్టిన గదిలోనే, తోడబుట్టినవాటితోనే ఉంటే సగం బెంగ తగ్గుతుంది. చలికాలంలో మన వైపు రాత్రులు పదిహేను డిగ్రీలకు దిగుతాయి. నెల పిల్లకు పడక దగ్గర ఇరవై ఎనిమిది డిగ్రీల వెచ్చదనం కావాలి. బల్బు ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూడటానికి థర్మామీటరు అక్కర్లేదు. పిల్లలు ఒకదాని మీద ఒకటి కుప్ప పడితే చలి, దూరం దూరంగా పడుకుంటే వేడి, పక్కపక్కన ఒరిగి పడుకుంటే సరిపోయింది.

మొదటి వారం దాణాను రోజుకు ఐదారు సార్లు, కొంచెం కొంచెం, గోరువెచ్చని నీటితో జావలా కలిపి పెట్టండి. మన వైపు రైస్ మిల్లుల్లో నూకలకు కొదవ లేదు. నూకలను మెత్తగా ఉడికించి, దాణాలో సగం దాకా కలపండి. ఆస్ట్రేలియాలో ఉడికించిన బియ్యం పెట్టిన పంది పిల్లల్లో పాలు మాన్పించిన తర్వాత వచ్చే పారుడు తగ్గడం పరిశోధకులు గమనించారు. అన్నం దాదాపు పూర్తిగా చిన్నపేగులోనే అరిగిపోతుంది, కింద పులియడానికి మిగలదు. మాంసకృత్తులు ఎక్కువైతే బలమనుకుని సోయా చెక్క దట్టిస్తారు. ఆ వయసులో అది కీడు. అరగని మాంసకృత్తులు పెద్దపేగులో కుళ్లి పారుడు తెస్తాయి. మొత్తం మీద పద్దెనిమిది శాతం చాలు. తవుడు తాజాది అయితేనే వాడండి, ముక్కిన వాసన వస్తే పిల్లలకు పెట్టకండి. హోటళ్ల మిగులు ఈ వయసుకు అసలు వద్దు.

ఒక బ్యాచ్ వెళ్లగానే గది పూర్తిగా ఖాళీ చేసి, పేడ గీకి, కడిగి, సున్నం కొట్టి, వారం ఎండనివ్వండి. గది తడిగా ఉండగా కొత్త పిల్లలను వేస్తే కడిగిన కష్టమంతా వృథా.

ప్రశ్న: మేడం, నేను హన్మకొండలో ఇంటర్ బైపీసీ చదువుతున్నాను, మామునూరు వెటర్నరీ కాలేజీలో చేరాలని ఆశ. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను మాత్రమే చంపుతుందని మా పుస్తకంలో ఉంది. అయితే పేగు కణాలకు ఏమీ కాకూడదు కదా?
— ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, నీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. పుస్తకం తప్పు చెప్పలేదు, కథ మధ్యలో ఆపింది.

పెన్సిలిన్ సంగతి తీసుకో. అది బ్యాక్టీరియా కణకవచం కట్టుకోకుండా అడ్డుపడుతుంది. జంతు కణానికి కవచమే లేదు కాబట్టి నేరుగా దెబ్బ తగలదు. పరకాల రైతు పొడిలో ఉన్న టెట్రాసైక్లిన్ రకం మందు అలా కాదు. అది బ్యాక్టీరియా రైబోజోముకు అతుక్కుని ప్రొటీన్ల తయారీని ఆపుతుంది. మన కణద్రవ్యంలోని రైబోజోములు వేరే రకం, వాటిని పెద్దగా తాకదు. కానీ మన కణాల్లో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా ఉన్నాయి కదా, వాటి మూలం ఏమిటి? కోట్ల ఏళ్ల కింద కణంలో చేరి కాపురం పెట్టిన బ్యాక్టీరియా. వాటి సొంత రైబోజోములు ఇప్పటికీ బ్యాక్టీరియా పోలికతోనే ఉన్నాయి. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ అనే ఇంకో యాంటీబయాటిక్ వాటినీ అడ్డుకోగలవు. క్లోరాంఫెనికాల్ మోతాదు పెరిగితే ఎముక మజ్జ దెబ్బతినడానికి ఒక కారణం ఇదే. మూడు నాలుగు రోజులకొకసారి కొత్తగా పుట్టే పేగు కణానికి శక్తి ఎంత కావాలో నువ్వే ఆలోచించు.

2015లో ఎలుకల మీద వచ్చిన ఒక పరిశోధనలో, నాలుగు యాంటీబయాటిక్‌లు కలిపి ఇచ్చి పేగులో జరిగిన మార్పులను విడదీసి చూశారు. కొన్ని మార్పులు సూక్ష్మజీవులు లేకపోవడం వల్ల వచ్చాయి. కొన్ని మందు నేరుగా పేగు కణాల మైటోకాండ్రియాను తాకడం వల్ల. ఇంకొన్ని మందుకు చావకుండా మిగిలిన క్రిముల వల్ల. ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకో. పరకాల రైతు కొడుకు మందు కణాలను తినేస్తుందన్నప్పుడు, ఈ మూడింటినీ కలిపి ఒక్క మాటలో అన్నాడు.

మందు తాకకుండానే కణం నష్టపోయే దారి ఇంకొకటి ఉంది. పెద్దపేగులోని బ్యాక్టీరియా పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాన్ని తయారు చేస్తాయి. పెద్దపేగు కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. రక్తం మోసుకొచ్చే గ్లూకోజు కంటే పక్కింటివాళ్లు వండి ఇచ్చిన ఈ తిండినే అవి ముందు తీసుకుంటాయి. మందుతో ఆ బ్యాక్టీరియా పోతే పొయ్యి ఆరిపోయినట్టే. పొరను కాపాడే శ్లేష్మం కూడా కొన్ని మందులతో పలుచబడుతుంది, మెట్రోనిడజోల్ ఇచ్చిన ఎలుకల్లో అది చూశారు.

పందుల మీద కూడా చూశారు. 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు నాలుగు రోజుల పంది పిల్లలకు టులాథ్రోమైసిన్ ఒక్కటంటే ఒక్క సూది ఇచ్చారు. అది ఊపిరితిత్తుల జబ్బుకు వాడే మందు, దాణాలో కలిపేది కాదు. ఎనిమిదో రోజున చూస్తే చిన్నపేగులో సూక్ష్మజీవుల కూర్పు మారింది, పేగు గోడలో రోగనిరోధక వ్యవస్థకు చెందిన జన్యువుల పనితీరూ మారింది. పిల్ల పైకి ఆరోగ్యంగానే కనబడుతుంది. అందుకే నేను భూతద్దం గురించి అంతగా రాశాను. నీకు కాలేజీలో మైక్రోస్కోపు దొరుకుతుంది, తాజా పేగు ముక్క దొరికిన రోజు తప్పకుండా చూడు.

ప్రశ్న: ఆదివారం పూట పంది మాంసం తెచ్చుకుంటాము. మాంసంలో మందు ఉన్నా బాగా ఉడికిస్తే పోతుందంటారు, నిజమేనా?
— ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: అమ్మా, క్రిములు పోతాయి, మందు పూర్తిగా పోదు. టెట్రాసైక్లిన్ వేడికి కొంత విరిగిపోతుంది కానీ దాన్ని నమ్ముకోలేము. మాంసంలో మందు లేకుండా చేయవలసింది పెంచినవాళ్లు. ఆఖరి మోతాదు తర్వాత ఎన్ని రోజులు ఆగి కోయాలో సీసా మీద, పొట్లం మీద ఉంటుంది, కొన్ని సూది మందులకు అది నెలకు దగ్గర. మీరు కొనే చోట ఈ ప్రశ్న అడగండి. నలుగురు అడిగితే వాళ్లు పెంచినవాళ్లను అడుగుతారు. ఇంట్లో మీ చేతిలో ఉన్నది ఇంకొకటి. పచ్చి మాంసం కోసిన కత్తిపీటతో, అదే చేతులతో ఉల్లిగడ్డ, కొత్తిమీర కోయకండి. మందుకు లొంగని క్రిమి కూరలో చస్తుంది, పచ్చి కొత్తిమీర మీద చావదు. ముక్క లోపల ఎరుపు కనబడకుండా ఉడికించండి, బద్దెపురుగు భయం కూడా పోతుంది.

ప్రశ్న: మా పందుల పేడను మిర్చి తోటకు వేస్తాము. మందు తిన్న పందుల పేడ వేయవచ్చా?
— ఒక మహిళా రైతు, నర్సంపేట

జవాబు: పచ్చిగా వేయకండి. దాణాలో తిన్న టెట్రాసైక్లిన్‌లో చాలా భాగం మారకుండానే పేడలో, మూత్రంలో బయటికి వస్తుంది. దానితో పాటు మందుకు లొంగని క్రిములూ వస్తాయి. వరిగడ్డి, ఎండుటాకులు పొరలుగా వేసి నడుం ఎత్తు కుప్ప పోయండి. వారం లోపు లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కాలి. వేడెక్కకపోతే తడి ఎక్కువైందని అర్థం, గడ్డి కలిపి తిరగేయండి. పదిహేను రోజులకొకసారి బయటిది లోపలికి వచ్చేలా తిప్పుతూ మూడు నెలలు ఉంచండి. వాన నీరు కుప్ప మీది నుంచి బావి వైపు, కుంట వైపు పారకుండా చుట్టూ జానెడు గట్టు వేయండి. మిర్చి నాటడానికి ముందు దుక్కిలో కలపండి, కాయ పట్టిన తర్వాత మొదళ్ల దగ్గర చల్లకండి. ఇంట్లో పచ్చిగా తినే కొత్తిమీర, ఉల్లి మళ్లకు మాత్రం పశువుల ఎరువే వాడండి.